పరగడుపు లెక్క

మా అన్నయ్యకి నోరెక్కువ. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో పుట్టి, ఒకే లారీలో కాకినాడ వచ్చాం. ఆయన కింద వాచ్‌మన్ గదిలో గోడ మీద దీపాలు వెలిగించుకుని పెద్ద పెట్టెలా కూర్చున్నాడు. నన్ను మూడో అంతస్తు వరండా కప్పుకి చిన్న దిబ్బరొట్టెలా బిగించారు. నేనొక పొగ కనిపెట్టే యంత్రాన్ని. నాలోకి వచ్చే గాలి ఎలా ఉందో చూసి, ఒక అంకె అన్నయ్య చెవిన వేస్తాను. అది అరవై దాటిందా, ఏమిటి ఎందుకు అని అడగడు, భవనమంతా అదిరేలా అరుస్తాడు. చెడ్డపేరు మాత్రం నాకు.

నా కింద ఎదురెదురుగా రెండు గుమ్మాలు. ఒకటి భ్రమరాంబగారిది. ఆవిడ ఇంట్లో పురిటికి వచ్చిన కూతురూ, రెండు నెలల మనవరాలూ ఉన్నారు. రోజూ తొమ్మిదింటికి పాపకి నీళ్లు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగకి జుట్టు ఆరబెడతారు. నిజం చెప్పొద్దూ, ఆ వాసన కోసం నేనూ ఎదురుచూసేదాన్ని.

రెండోది అసోసియేషన్ సెక్రటరీ పేర్రాజుగారిది. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఒక్క పొరపాటూ చేయకుండా రిటైరయ్యారు. ఈ సంగతి ఆయనే చెప్పారు.

ఉన్నట్టుండి సాంబ్రాణి వేళకి నా అంకె అరవై దాటసాగింది. వారంలో నాలుగుసార్లు అన్నయ్య అరిచాడు. నాలుగుసార్లూ జనం మెట్ల మీద పరుగులు పెట్టారు. ఒకాయన సగం గీసిన గడ్డంతో, ఒకావిడ కుక్కరు మూతతో.

"ఇంక లాభం లేదమ్మా. ఆదివారం మీటింగులో తీర్మానం పెట్టేస్తున్నాను. బిల్డింగులో సాంబ్రాణి బంద్," అన్నారు పేర్రాజుగారు.

"పసిదానికి జలుబు చేస్తే మీ తీర్మానం అరగదీసి పట్టించమంటారాండీ?"

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా!"

నేను అబద్ధం చెప్పలేదు. అలాగని నిజం మొత్తం చెప్పే అవకాశమూ ఎవరూ ఇవ్వలేదు. కేక వినబడ్డాకే అందరూ నా వంక చూస్తారు.

భ్రమరాంబగారు బీయస్సీ చదివారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లే మర్చిపోయారు.

"అప్పన్నా, నీ గదిలో పెట్టె మీద మా వరండా అంకె కనబడుతుందిటగా? రోజూ పొయ్యిలు వెలిగించకముందోసారి, మా సాంబ్రాణి వేళకోసారి చూసి రాసిపెట్టు. కాఫీ నేనిస్తాను," అన్నారు వాచ్‌మన్‌తో.

"ఎన్నాళ్లు రాయాలండమ్మా?"

"కాఫీ బావున్నన్నాళ్లు."

ఆదివారం పేర్రాజుగారు తీర్మానం చదవబోతుంటే ఆవిడ లేచారు.

"ఏవండీ, మీకు పరగడుపున షుగరు రెండొందలుండి, టిఫినయ్యాక మూడొందలైతే తప్పు ఇడ్లీదంటారా?"

షుగరు మాటెత్తితే పేర్రాజుగారు ఆగలేరు. "ఇడ్లీ ఏం చేసిందమ్మా పాపం! పరగడుపుదే అసలు లెక్క."

"నేనూ అదే అంటున్నాను." ఆవిడ అప్పన్న రాసిన కాగితం తీశారు. "ఇది మీ యంత్రం పరగడుపు లెక్క. బిగించిననాడు పది అని అసోసియేషన్ రిజిస్టరులో ఉంది. మొన్న సోమవారం ముప్పై ఏడు, నిన్న నలభై నాలుగు. సాంబ్రాణి పెంచేది పాతికే. నెలన్నరగా అంతే పెంచింది, ఎవరైనా పరిగెత్తారా? పొగైతే ఎక్కి దిగిపోవాలి కదండీ. ఇది దిగడం లేదు, రోజురోజుకీ పేరుకుంటోంది. ఇది ధూళి."

"ఎక్కడి ధూళమ్మా?"

ఆవిడ అందరి కాళ్ల వంక చూశారు. అందరూ తలలొంచి తమ చెప్పులు చూసుకున్నారు. తెల్లగా ఉన్నాయి. పేర్రాజుగారు మూడు వారాలుగా తన ఇంటి గోడలకి పుట్టీ పట్టించి, వరండా దాకా ఉప్పుకాగితంతో రుద్దిస్తున్నారు.

"సరే, శుభ్రం చేయించి చూద్దాం," అని ఆయన తీర్మానం నాలుగు మడతలు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చి, నన్ను విప్పి గాలి కొట్టాడు. ముక్కుదిబ్బడ వదిలితే ఎంత హాయో అప్పుడు తెలిసింది. అంకె మళ్లీ పది.

తొమ్మిదింటికి పాపకి నీళ్లు పోశారు. ఆవేళ సాంబ్రాణి చిటికెడు ఎక్కువే వేశారని నా అనుమానం. పేర్రాజుగారు నా కిందే మెడెత్తి నిలబడ్డారు. ఇరవై. ముప్పై. ముప్పై ఆరు. అన్నయ్య కిక్కురుమనలేదు. పొగ పల్చబడింది, నేనూ మెల్లగా పదికి దిగొచ్చాను. లోపల పాప ఆవలించింది.

పేర్రాజుగారు గొంతు సవరించుకుని ఏదో గొణిగారు.

"వినబడలేదండీ," అన్నారు భ్రమరాంబగారు. "కింద అప్పన్న కూడా రాసుకోవాలి మరి."

ఆయన మెట్లవైపు తిరిగి, మా అన్నయ్యకి ఏమాత్రం తీసిపోకుండా అరిచారు.

"తప్పు నాదేనయ్యా అప్పన్నా, రాసుకో!"