అప్పీల్ బెంచిలో మూడో కుర్చీ

రమ్యశ్రీ బడిలో విద్యార్థి కౌన్సిల్ ఎన్నికలకు నిలబడుతోందని తెలిసి క్లాసులో కొందరు నవ్వారు. హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల ఆమె. కానీ ఆమె నిలబడింది బడిని ఉద్ధరించడానికి కాదు. తనలాగే తెలుగు పిల్లయిన ఐశ్వర్య ఏదో ఒక రోజు ఆ కుర్చీ కోసం వస్తుంది. వచ్చిన రోజు ఎదురుగా తను కూర్చుని ఉండాలి. కావలసింది అదే.

కుర్చీ అంటే, ఐర్లాండ్‌లో కాజిల్‌బార్ ఊరవతల వాళ్ల బడిలో అప్పీల్ బెంచి ఉంది, దానిలో మూడో కుర్చీ. అమెరికాలో సుప్రీంకోర్టు జడ్జిని నియమించే ముందు రెండు పార్టీలూ ఆ మనిషిని అందరి ముందు కూర్చోబెట్టి ప్రశ్నలతో పీక్కుతినడం టీచర్ మిస్ గ్యావన్ ఒకసారి క్లాసులో చూపించింది. "మన ఐర్లాండ్‌లో ఈ పని చప్పుడు లేకుండా అయిపోతుంది. మనం చప్పుడుతో చేసి చూద్దాం," అంది. అలా పుట్టింది బెంచి. ముగ్గురు విద్యార్థులు జడ్జీలు. పిల్లల మధ్య ఏ తగువు వచ్చినా వాళ్లదే ఆఖరి మాట. కౌన్సిల్ అధ్యక్షుడు పేరు చెబుతాడు, కౌన్సిల్ ప్రశ్నలడిగి ఓటేస్తుంది.

ఏడాది తిరక్కుండానే కౌన్సిల్ రెండు ముక్కలైంది. ఫుట్‌బాల్ వాళ్లది మైదానం పార్టీ. నాటకాలు, సంగీతం వాళ్లది హాలు పార్టీ. జడ్జిగా వచ్చేవాళ్లు న్యాయంగా ఉంటారా అని అడిగేవాళ్లు లేరు. మనవాళ్లా, అవతలివాళ్లా, అదొక్కటే లెక్క.

కిందటేడు హాలు పార్టీ అధ్యక్షుడు రమ్యశ్రీ పేరు పెట్టాడు. ఎవరితోనూ మాట్లాడని పిల్లకు శత్రువులు ఎక్కడుంటారని వాళ్ల ధీమా. మైదానం పార్టీ తరఫున ప్రశ్న అడగడానికి ఐశ్వర్య లేచింది.

"ఇండియాలో మీ టీచర్ నిన్ను కొట్టడంలో తప్పులేదని అన్నావా, లేదా?"

అన్నది. నెలకోసారి తెలుగువాళ్లందరూ తలో వంటా చేసుకుని ఒకరింట్లో కలుస్తారు. పెద్దవాళ్లు కింద, పిల్లలు పై గదిలో. ఆ గదిలో రమ్యశ్రీ ఆ మాట అన్నది. ఎక్కాలు అప్పజెప్పలేదని ఊళ్లో సారు వేళ్ల మీద స్కేలుతో కొట్టిన సంగతి చెప్పి, "తప్పు నాదే కదా, ఆయన్నేమంటాం," అని నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. ఐశ్వర్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

కౌన్సిల్లో ఎవరూ నవ్వలేదు. పిల్లల్ని కొట్టడం మంచిదనే మనిషిని జడ్జిని చేస్తారా అన్నట్టు చూశారు. హాలు పార్టీ వాళ్లు కూడా తలలు దించుకున్నారు. కుర్చీ పోయింది. ఆ నెలంతా కారిడార్లో కుర్రాళ్లు ఆమెను చూసి చేతులు వెనక దాచుకునేవాళ్లు.

ఈ ఏడు ఎన్నికల్లో రమ్యశ్రీ హాలు పార్టీ తరఫున గెలిచింది, అధ్యక్షుడు మాత్రం మైదానం పార్టీవాడు. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. అనుకున్నట్టే ఐశ్వర్య పేరు చెప్పాడు. వాళ్లకు ఒక్క ఓటు ఎక్కువ.

"నువ్వు వాళ్లింటికి వెళ్తావుగా," అన్నాడు హాలు పార్టీ నాయకుడు ఫింటన్. "ఏదో ఒకటి తెలిసే ఉంటుంది. బయటపెట్టు."

తెలుసు. మిస్ గ్యావన్ నడకను ఐశ్వర్య ఎంత బాగా అనుకరిస్తుందో తెలుసు. "అది చెబితే జనం నవ్వుతారు. తర్వాత ఆమె మీద జాలిపడతారు," అంది రమ్యశ్రీ. "జాలి ఆమెకు దొరకడం నాకిష్టం లేదు."

ఫింటన్ ఆమెను కొత్తగా చూశాడు.

విచారణ రోజు రమ్యశ్రీ లేచి నిలబడింది. గొంతు సన్నగా ఉండటంతో వినడానికి అందరూ ముందుకు వంగవలసి వచ్చింది.

"ఒకరి ఇంట్లో, నమ్మకంగా చెప్పుకున్న మాటను ఇంకొకరు బయటపెట్టారని కేసు వస్తే ఏం తీర్పు చెబుతావు?"

"రాబోయే కేసుల గురించి నేను మాట్లాడకూడదు," అంది ఐశ్వర్య. బాగానే తయారై వచ్చింది.

"రాబోయేది కాదు. అయిపోయింది. ఆ కేసు నాదే."

ఐశ్వర్య మెడ కొద్దిగా ఎర్రబడింది. "పదవి కోరుకునేవాళ్లు ఏమన్నారో అందరికీ తెలియాలి."

"అయితే పై గదిలో మనం చెప్పుకున్నవన్నీ తెలియాలా? అందరివీనా?"

ఆ 'అందరివీ' అన్నప్పుడు రమ్యశ్రీ ఐశ్వర్యను చూడలేదు. వెనక వరసలో నిస్సీని చూసింది. నిస్సీ రెండో సంవత్సరం పిల్ల, కౌన్సిల్లో మైదానం పార్టీ, జట్టుకు గోల్ కీపర్. ఆ పై గదిలోనే ఒకసారి ఏడ్చింది. బంతి అంటే భయం పట్టుకుందని, పెద్ద మ్యాచ్ రోజు మోకాలు నొప్పి అని అబద్ధం చెప్పి తప్పించుకుందని. విన్నది రమ్యశ్రీ, ఐశ్వర్య ఇద్దరే.

ఐశ్వర్య వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఆగేదేమో. కిందటేడు తను చేసింది తప్పని రమ్యశ్రీ ముందు ఒప్పుకోవడం మాత్రం చేతకాలేదు. గడ్డం పైకెత్తి, "అవసరమైతే, అవును. అందరివీ," అంది.

"థాంక్యూ," అని రమ్యశ్రీ కూర్చుంది.

ఓటింగులో మైదానం పార్టీ చేతులన్నీ లేచాయి, నిస్సీది తప్ప. ఆ పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బల్లనే చూస్తూ కూర్చుంది. ఓట్లు సరిసమానం, అంటే ఐశ్వర్య పేరు వీగిపోయినట్టే. ఫలితం చదువుతుంటే రమ్యశ్రీ ఐశ్వర్య ముఖం మీంచి కళ్లు తిప్పలేదు. పెదవి వణకడం, దాన్ని పళ్లతో నొక్కిపెట్టడం, బ్యాగు తీసుకోబోయి పక్కవాళ్ల బ్యాగు ఎత్తడం, ఒక్కటీ వదలకుండా చూసింది. ఏడాదిగా ఇలాంటి ముఖం కోసమే నిద్ర కాచింది. అనుకున్నదానికంటే బాగుంది.

ఆ శనివారం సూర్యప్రభ ఆంటీ వాళ్లింట్లో కలిశారు. ఐశ్వర్య తలనొప్పి అని రాలేదు. పై గదిలో పిల్లలందరూ ఫోన్లు చూసుకుంటున్నారు, ఎవరూ ఏమీ చెప్పడం లేదు. నిస్సీ పళ్లెంతో వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు అన్నం కెలికింది.

"అక్కా, ఐశ్వర్యక్క అవును అనకపోయుంటే నా సంగతి నువ్వు చెప్పేదానివా?"

"నువ్వు చెయ్యెత్తలేదు కదా."

"ఎత్తుంటే?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. రమ్యశ్రీకి అది తెలుసు.

"ఎత్తుంటే చూసేదాన్ని," అంది.

నిస్సీ పళ్లెం తీసుకుని కిందికి, పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు. రమ్యశ్రీ గోడకు ఆనుకుని, బగారా అన్నం మెతుకు మిగలకుండా తిన్నది.