చర్చి ఆవరణలో అడిగిన ప్రశ్న

శంషాబాద్ కాలేజీలో సునీలకు జీతం వచ్చేది ఫార్మసీ పాఠాలు చెప్పినందుకు. ప్రాణం పోయేది మాత్రం కాలేజీ జర్నల్‌తో. ఎడిటర్ అని పేరు పెద్దదే గానీ ఆ చాకిరీకి సెలవు లేదు, మెచ్చుకోలూ లేదు. పేపరు పంపినవాళ్లు ఎప్పుడు వేస్తారని పొద్దున లేచింది మొదలు ఫోన్లు చేస్తారు. పరిశీలించి చెప్పండని పంపితే పెద్దలు పలకరు. పలికినవాళ్లు "బాగుంది, వేసుకోండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. కవరు వెనక అచ్చయ్యే నీతి నియమాల పేజీని ఇంతవరకు పూర్తిగా చదివిన మనిషి తానొక్కతేనేమోనని ఆమెకు అనుమానం. అది రాసింది కూడా తనే కాబట్టి చదవక తప్పలేదు.

ఆ సోమవారం వచ్చిన మెయిల్ అందరిలా సతాయించేది కాదు. కూలి చేసుకునే ఆడవాళ్ల ఆరోగ్యం చూసే ఒక ట్రస్టువాళ్లు కృతజ్ఞతలు చెబుతూ రాశారు. "మీ జర్నల్‌లో వచ్చిన ప్రియదర్శిని గారి పేపరు మాకు ఎంతో ఉపయోగపడింది. రావిర్యాల వైపు ఊళ్లలో ఆడవాళ్లు పురుగుమందుల జోలికే పోవడం లేదని తెలిసి సంతోషించాం. అక్కడ పెట్టాలనుకున్న రక్తపరీక్షల శిబిరాన్నీ, పంచాలనుకున్న గ్లౌజులనూ వేరే జిల్లాకు మారుస్తున్నాం."

జోలికే పోవడం లేదా? సునీల పుట్టింది రావిర్యాల పక్కనే ఉన్న తుక్కుగూడలో. తల్లి ప్రేమావతి సగం జీవితం ఒకరి టమాటా చేలో మందు కలిపి, నీళ్లు మోసి గడిపింది. చర్చిలో పక్కన కూర్చునే సత్తెమ్మ ఇవాళ్టికీ అదే పని చేస్తుంది. వందనాలు చెప్పి చెయ్యి పట్టుకుంటే వేళ్ల సందుల్లో పొట్టు లేచి గరుకుగా తగులుతుంది.

పేపరుకు జతచేసిన ప్రశ్నల పత్రం ఉండాలి కదా అని వెతికి తెరిచింది. ఇద్దరు పరిశీలకులు బాగుందన్నాక దాన్ని ఎవరు తెరుస్తారు? సంచిక ఆలస్యమవుతున్న హడావుడిలో తానూ తెరవలేదు. మొదటి ప్రశ్న చదవగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"మీరు మందు కొడతారా?" లేదంటే మిగతా ప్రశ్నలు అడగనక్కర్లేదు. అడిగిన చోటు: ఆదివారం ఆరాధన తర్వాత, చర్చి ఆవరణ.

ఇదే కాలేజీలో పాఠాలు చెప్పే ప్రియదర్శిని అత్తాపూర్‌లో అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్ల. పుస్తకాల భాష వద్దనుకుని, రైతుల నోట విన్న మాటనే శ్రద్ధగా పట్టుకొచ్చి పెట్టింది. మాటలో తప్పేం లేదు. చేనుగట్టు మీద నిలబడి అడిగితే మందు కొట్టడమంటే పిచికారి చేయడమే. కానీ చేతిలో బైబిలు పట్టుకుని, పక్కనే పాస్టరు యెషయా నిలబడి ఉండగా అడిగితే, అది గ్లాసులో పోసుకునే మందు. ఆ ఆవరణలో కొడతామని చెప్పే ఆడమనిషి ఈ జన్మకు దొరకదు. ఇంతకూ, అందరూ ఒకచోట దొరుకుతారు, చర్చికి రా అని ఆ పిల్లను పిలిచింది సునీలే.

ఇంటికి వెళ్లగానే తల్లిని అడిగింది.

"అమ్మా, ఆ పిల్ల చర్చి కాడ అడిగినప్పుడు నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్పాలె? మా ఇంట్ల ఎవ్వరం కొట్టమని చెప్పిన," అంది ప్రేమావతి చిక్కుడుకాయలు తుంచుతూ. "మీ బాపు కొట్టేటోడు గాని, పోయినోని ముచ్చట ఆ పిల్లకెందుకని చెప్పలె."

సునీలకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎక్కడలేని నీరసమూ వచ్చింది.

మర్నాడు ప్రధాన సంపాదకుడు గోపయ్య గారి గదికి వెళ్లింది. ఆయనది గుంటూరు వైపు. చెడ్డవాడు కాదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా రిటైరైతే చాలనుకునే మనిషి. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"జర్నళ్లను తనిఖీ చేసే కమిటీవాళ్లు వచ్చే నెలలో వస్తున్నారు కదమ్మా. ఇప్పుడు ఉపసంహరణ అని పెద్దక్షరాలతో వేస్తే మన జర్నల్‌ను గుర్తింపు జాబితాలోంచి తీసేస్తారు. వెనక పేజీలో చిన్న సవరణ వేద్దాం."

"ఏం సవరిస్తం సార్? అంకెలన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదనే ఉన్నయి. అది పోతే రాసినామె పేరు తప్ప ఏం మిగలదు."

"మరి ఆ అమ్మాయి ఉద్యోగం సంగతి ఆలోచించారా?"

రాత్రంతా సునీల ఆలోచించింది అదే. ప్రియదర్శిని కాంట్రాక్టు లెక్చరర్. ఈ నెలలోనే పర్మినెంటు చేయబోతున్నారు. దానికి అచ్చయిన పేపరు చూపించాలి. ఆమెకున్నది ఇదొక్కటే.

"మీరు వేస్తానంటే నేను ఆపనమ్మా. కింద నా పేరు మాత్రం పెట్టకండి," అన్నారు గోపయ్య గారు. ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

పోనీ ట్రస్టుకు ఒక్క మాట చెబితే సరిపోతుందేమోనని ఫోన్ చేసింది. అవతల శోభ అనే ఆవిడ మర్యాదగానే విన్నది. "మీరు చెప్పేది నిజమే కావచ్చు మేడమ్. కానీ మా బోర్డు అచ్చులో ఉన్నదే చూస్తుంది. పేపరు అలాగే ఉంటే మేమేమీ మార్చలేం," అంది.

ఇక చెప్పక తప్పదు. మధ్యాహ్నం క్యాంటీన్లో ప్రియదర్శినిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే అందరిలాగే ఇద్దరూ మాట ఆపి, అది పోయేదాకా ఆగారు. ఆ కాసేపట్లోనే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఇంకెవరికి తెలుసక్కా?"

"గోపయ్య సార్‌కు."

"ఎవరన్నా కంప్లైంట్ ఇచ్చిన్రా?"

"లేదు."

"మరి నీకేందక్కా? చర్చికి రమ్మన్నది నువ్వే గదా."

"నేనే. ఆ సంగతి గూడ రాస్త."

"రాస్తే నీ నౌకరి పోతదా?"

పోదు. అది ఇద్దరికీ తెలుసు. ప్రియదర్శిని చాయ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. రచయిత ఒప్పుకోకపోయినా ఎడిటర్ పేపరును వెనక్కి తీసుకోవచ్చు. కానీ ముందు రచయితకు జవాబు చెప్పుకునే గడువివ్వాలని ఆ వెనక పేజీలో తనే రాసింది. వారం గడువిచ్చింది. ఆ వారమంతా కారిడార్లో ఎదురుపడితే ఆ పిల్ల ముఖం తిప్పుకుని పోయింది. నిజం చెప్పాలంటే, ఎవరైనా వచ్చి ఈ ఎడిటర్ పని లాక్కుపోతే బాగుండునని సునీల అన్ని రోజులూ మొక్కుకుంది.

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర స్కూటీ ఆపుకుని ప్రియదర్శిని నిలబడి ఉంది. సునీలను పలకరించలేదు. నేరుగా సత్తెమ్మ దగ్గరికి నడిచింది.

"అమ్మా, పోయినసారి మందు కొడతరా అని అడిగిన గదా. నేనడిగింది చేన్ల కొట్టే పురుగుల మందు."

సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, గదా? నేను సారా అనుకుంటి. గింత సదువుకున్న పిల్ల గిదేం అడుగుడని ఇంటికి పోయినంక తిట్టుకున్న గూడ."

యెషయా పాస్టరు గట్టిగా నవ్వి, ఆడవాళ్ల వైపు తిరిగి, చేన్ల మందు పని చేసేవాళ్లు చేతులెత్తండమ్మా అన్నాడు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, దాదాపు అందరూ ఎత్తారు. ఎత్తిన అరచేతులు పగిలి, గోళ్లు పసుపు తిరిగి ఉన్నాయి. ప్రియదర్శిని లెక్క పెట్టలేదు. కాసేపు అలా చూసి, సునీల దగ్గరికి వచ్చి, "నువ్వు రాయకు. నేనే రాసిస్త," అంది.

రాసిచ్చింది. ప్రశ్న తప్పుగా అర్థమైందని, పేపరులోని ఏ అంకెనూ నమ్మవద్దని, పేపరును వెనక్కి తీసుకుంటున్నానని నాలుగు వాక్యాలు. కింద సునీల ఇంకో రెండు కలిపింది: చోటు చూపించింది ఎడిటరేనని, ప్రశ్నల పత్రం చదవకుండానే అచ్చువేసిందని. ఆ నెలాఖరుకు పర్మినెంటు అయినవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీదికి వచ్చింది. అందులో ప్రియదర్శిని పేరు లేదు. మరుసటి నెల కమిటీవాళ్లు వచ్చి జర్నల్‌ను పరిశీలనలో పెట్టి వెళ్లారు. గోపయ్య గారు సునీలతో మాట్లాడటం తగ్గించారు.

ట్రస్టు నుంచి జవాబు వచ్చింది. మీ నిజాయితీని అభినందిస్తున్నామన్నారు. కాకపోతే గ్లౌజులు, పరీక్షల సామాను అప్పటికే వేరే జిల్లాకు వెళ్లిపోయాయట. ఈ ఊళ్ల సంగతి వచ్చే ఏడాది తప్పక చూస్తారట.

ఆ మాట ఆడవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇద్దరూ కలిసి రింగు రోడ్డు దిగి పాలకూర మళ్ల దగ్గరికి వెళ్లారు. సత్తెమ్మ కొంగు నడుముకు చుట్టుకుని నీలం డ్రమ్ములో మందు కలుపుతోంది.

"అయితే గ్లౌజులు రావా?" అంది అంతా విని.

"ఈ ఏడు రావు చిన్నమ్మా."

సత్తెమ్మ కలపడం ఆపింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"అయితే ఆ పొద్దు పాస్టరు అయ్యగారి ముంగట తాగుతమని అబద్ధమాడినా అయిపోతుండె," అంది. "తాగమని నిజం చెప్పి పోగొట్టుకున్నం."

ప్రియదర్శిని నవ్వబోయి, నవ్వలేక చున్నీలో ముఖం దాచుకుంది. సత్తెమ్మ వాళ్ల జవాబు కోసం చూడకుండా మోచేతి దాకా చెయ్యి డ్రమ్ములో పెట్టి మళ్లీ కలపడం మొదలుపెట్టింది.