కుట్టని నరాలు

...కాబట్టి దానికి తెలియకపోవచ్చు, అనుకుంది రజనీకుమారి, ఉల్లిపాయను రెండుగా కోస్తూ. తెలిసే దారి లేదు. అన్నయ్య ఒంట్లోంచి తీసి తన పొత్తికడుపులో కుడివైపు పెట్టినప్పుడు రక్తనాళాలు కుట్టారు, మూత్రనాళం కుట్టారు. నరాలు మాత్రం తెగినవి తెగినట్టే వదిలేశారు. తనకూ ఈ మూత్రపిండానికీ మధ్య ఒక్క నరమూ లేదు. అన్నయ్య పోయిన కబురు దానికెవరు చెప్తారు?

తనకు చెప్పారు. ఉతై రోడ్డు మీద అన్నయ్య ఎబెన్‌ని లారీ గుద్దేసిందని ఫోనులో చెప్పారు. "ఆఁ, సరే" అని పొయ్యి కట్టేసింది. అప్పట్నుంచీ లోపల ఏమీ జరగలేదు. శవపెట్టె మూసేటప్పుడు కూడా, ఒక మేకు వంకరగా దిగిందని గమనించింది. అంతే.

రేపు ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన. సెక్టర్ 6లో అన్నయ్య క్వార్టరు పెరట్లో చర్చి సంఘం ఆడవాళ్ళు చాపలు పరుచుకుని రేపటి కూరకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఎవరింట చావు జరిగినా ఈ పనికి అందరూ వస్తారు. ఎవరెంత ఏడ్చారన్నదీ ఆ చాపల మీదే తేలుతుంది.

"సూడండర్రా, రజని ఏడుస్తంది," అంది పక్క క్వార్టరు వెరోనికా. "రోనే దో, రోనే దో, ఏడవనీండి. ఇన్నాళ్ళకి కరిగింది."

ఎవరో వీపు నిమిరారు. ఉల్లిఘాటు అని చెప్పబోయి రజని నోరు మూసుకుంది. వాళ్ళకి ఊరటగా ఉంది, ఉండనీ.

మూత్రం తగ్గింది. పొద్దున కొలిచే మగ్గు సగం కూడా నిండడం లేదు. బీపీ మిషనులో అంకెలు పెరుగుతున్నాయి. సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదంలోకి దిగిపోతోంది. ఇలాంటివి కనిపిస్తే ఆ రోజే ఫోను చెయ్యాలని, ఆలస్యమైతే మూత్రపిండం దక్కదని డాక్టరు సత్యప్రసాద్ ముందే హెచ్చరించాడు. ఆమె చెయ్యలేదు. సెక్టర్ 7లో ఒక్కతే ఉంటుంది, అడిగేవాళ్ళు లేరు.

అడిగేది వదిన డైసీ ఒక్కతే. ఆ అడగడమే వేరు. పెట్టె లేపాక డైసీ వచ్చి రజని కుడి పొట్ట మీద చెయ్యి పెట్టింది. "ఈయన మొత్తం ఎల్లిపోనేదు. ఇక్కడున్నారు," అంది. ఆనాటి నుంచి రోజూ ఫోను చేసి, "ఆయనెలాగున్నారు?" అంటుంది, ఊరెళ్ళిన మొగుణ్ణి అడిగినట్టు. "బాగున్నాడొదినా," అంటుంది రజని. ఇప్పుడు ఆస్పత్రికి వెళ్తే వదినకి తెలుస్తుంది. ఆమె మొగుణ్ణి రెండోసారి చంపినట్టవుతుంది. చెప్పకపోతే ఆ చావు ఎలాగూ వస్తుంది, కొంచెం నెమ్మదిగా.

కత్తి ఆగింది. ఎప్పుడో చెకప్‌కి ఇద్దరూ కలిసి వెళ్ళినప్పుడు అన్నయ్య నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. "నరాలు నేవు కదా డాక్టరుగారూ, మా సెల్లి కోపం దీనికి తగల్దన్నమాట. బతికిపోయింది."

"తగులుతుందండీ," అన్నాడు డాక్టరు. "భయపడినా బెంగపడినా రక్తంలోకి హార్మోన్లు వస్తాయి. నరాలు తెగిన మూత్రపిండం వాటికి మామూలు దానికన్నా ఎక్కువగా స్పందిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, మూత్రం తగ్గొచ్చు."

"సెవుడోడికి గొణుగుడు కూడా కేకలా ఇనబడ్డట్టు!" అన్నాడు అన్నయ్య.

అయితే ఎవరు గొణుగుతున్నారు? రజని తనలోకి చూసుకుంది. ఖాళీ చేసి సున్నం వేసిన క్వార్టరులా ఉంది. అక్కడ ఏడుపు లేదు. కానీ తనకి తెలియకుండా ఏదో రక్తంలో కలుస్తోందేమో. లేక ఇది పూర్తిగా వేరే జబ్బేమో. తెలుసుకునేది డాక్టరే గానీ తను కాదు.

డైసీ ఖాళీ బేసిను పట్టుకుని వచ్చింది. తరిగిన ముక్కలు ఎత్తుకుంటూ వంగి, మెల్లగా అడిగింది.

"ఏటే రజనీ, ఈ రోజు పోను ఎత్తనేదు? ఆయనెలాగున్నారు?"

'బాగున్నాడు' అన్న మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది.

రజని కత్తి కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. చీర అంచు కొంచెం పైకి లాగి, నీరు పట్టిన చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. సొట్ట పడింది. అది వదినకి బాగా కనబడేలా కాలు ముందుకి చాపింది.