పదకొండు మైళ్ళ బ్యాటరీ

ప్రతి నెలా మొదటి సోమవారం రోవీనా గోల్ఫ్ కార్టు సీటు ఎత్తి, కింద ఉన్న ఆరు సీసపు బ్యాటరీల మూతలు ఒక్కొక్కటే విప్పి, చిన్న గరాటుతో డిస్టిల్డ్ వాటర్ పోసేది. ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒక చుక్క యాసిడ్ చిందేది. ఆ సంగతి చొక్కా ఉతికాక తెలిసేది, పొట్ట దగ్గర మిరియాలంత చిల్లులు. "బట్టలు కట్టుకోవడం కూడా చేతకాదు నీకు, ఎలకలు కొట్టినట్టున్నాయి చూడు" అనేవాడు మొగుడు క్లైడ్. ఆ బండి ఎక్కి ఊరేగేది ఆయనే. గోల్ఫ్‌కి ఆయనే, క్లబ్బుకి ఆయనే. పదమూడేళ్ళలో ఒక్కసారైనా ఆ సీటు ఎత్తి చూసిన పాపాన పోలేదు. నీళ్ళు వాటంతటవే ఊరుతున్నాయనుకున్నాడో ఏమో, మహానుభావుడు!

ఒహాయో చలి వదిలేసి ఫ్లోరిడాలోని ఈ హెరాన్ రిడ్జ్‌కి వచ్చిన కొత్తలోనే ఆమె కారు అమ్మేశారు. "ఇద్దరు ముసలాళ్ళకి రెండు బళ్ళెందుకే? నీకు కార్టుందిగా" అన్నాడు. మిగిలిన ట్రక్కు తాళం ఆయన జేబులో ఉంటుంది. కార్టు ఉంది, నిజమే, ఆయనకి అక్కర్లేని పూట. ఇక్కడ రిటైరైన వాళ్ళంతా కూరగాయలకైనా, చర్చికైనా, పక్కింటి పేకాటకైనా కార్టుల మీదే తిరుగుతారు కాబట్టి రోవీనాకి ఆ లోటు పెద్దగా తెలియలేదు. ఫిబ్రవరిలో అక్క డెల్లాకి పక్షవాతం వచ్చేదాకా తెలియలేదు.

డెల్లాని వంతెన అవతల మార్ష్‌టన్‌లో నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. పదకొండు మైళ్ళు. క్లైడ్ రెండుసార్లు తీసుకెళ్ళాడు. రెండోసారి వరండాలోనే నిలబడి వాచీ చూసుకున్నాడు. ఆ తర్వాత అడిగినప్పుడల్లా ఒకటే మాట, "వచ్చే వారం చూద్దాంలే". ఆ వచ్చే వారం అయిదు నెలలుగా రాలేదు. ఏప్రిల్లో ఒకరోజు రోవీనా తెగించి కార్టులోనే బయలుదేరింది. ఆరో మైలు దగ్గర, వంతెన ఎక్కకముందే బండి మూలగడం మొదలెట్టింది. గుండె రాయి చేసుకుని వెనక్కి తిప్పింది. ఇంటికి ఇంకో నాలుగు మైళ్ళుందనగా పూర్తిగా ఆగిపోతే, ఎవరో తాడు కట్టి లాక్కొచ్చారు. "ఊరందరి ముందు నా పరువు తీశావు" అన్నాడు క్లైడ్. అక్క ఎలా ఉందో కనుక్కుందామని మాత్రం ఆయనకి తోచలేదు.

అప్పుడు మొదలైంది ఆమెకి లిథియం బ్యాటరీ పిచ్చి. ఊళ్ళో మగాళ్ళు ఒకళ్ళిద్దరు తామే సెల్లులు తెప్పించుకుని బ్యాటరీ కట్టుకున్నారని విన్నది. ఒకసారి చార్జి చేస్తే నలభై మైళ్ళట, నీళ్ళు పోసే పనే లేదట. సాయంత్రాలు కూర్చుని చదివింది, లెక్కలు రాసుకుంది. క్లైడ్ మొదట నవ్వాడు. కానీ స్నేహితుడు మెర్విన్ కార్టు లిథియంతో గోల్ఫ్ కోర్సు మిట్ట మీద ఆయన్ని దాటిపోయిన రోజున ఇంటికొచ్చి, "సరే, తెప్పించు" అన్నాడు.

పదహారు సెల్లులు వచ్చాయి, ఒక్కోటి ఇటుకంత బరువు. వాటిని వెంటనే గొలుసులా కలపకూడదు. ముందు అన్నిటినీ పక్కపక్కన పెట్టి, పట్టీలు బిగించి, అన్నీ ఒకే మట్టానికి వచ్చేదాకా నెమ్మదిగా చార్జి చెయ్యాలి. ఆరు రోజుల పని. తర్వాత ప్రతి సెల్లునీ కనిపెట్టుకుని ఉండే చిన్న సర్క్యూట్ బోర్డుకి పదిహేడు సన్నటి వైర్లు వరస తప్పకుండా కలపాలి. రోవీనా ఇరవయ్యేడేళ్ళు చెవిటి మిషన్ల ఫ్యాక్టరీలో భూతద్దం కింద వెంట్రుకంత తీగెలు అతికిన మనిషి. ఆ గరాజులో, ఆ ఉక్కలో, ఆమె చేతులకి తమ పని గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత వంట చేస్తూ కూనిరాగం తీసింది. పదహారిట్లో ఒక్కటి డీలాపడినా మొత్తం బ్యాటరీ ఆగిపోతుంది, అందుకే ఆ బోర్డు అన్నిటికన్నా నీరసంగా ఉన్నదాన్నే ముందు చూస్తుంది. ఆ సంగతి చదివినప్పుడు ఆమెకి ఎందుకో కళ్ళు చెమర్చాయి. తన ఇంట్లో అలా చూసే నాథుడెవరు? జ్వరంతో పడుకున్న రోజు కూడా, "అయితే డిన్నర్ సంగతేంటి?" అనే గొంతే విన్నది కానీ.

నాలుగో రోజు క్లైడ్ గరాజులోకొచ్చాడు. "ఇంకా ఎన్నాళ్ళు కూర్చుంటావు వీటి ముందు? ఇటివ్వు, నేను బిగిస్తా" అన్నాడు. సెల్లు రెండు కొసలూ ఒకేసారి తగలకుండా ఆమె తన రెంచికి పిడి నిండా టేపు చుట్టుకుంది. ఆయన తన ఇనుప రెంచి తెచ్చుకున్నాడు. "క్లైడ్, దాంతో వద్దు" అనేలోగానే అది రెండు కొసలకీ అడ్డంపడింది. ఠప్పుమని మెరుపు. రెంచి ముక్క కరిగి గోడకి కొట్టుకుంది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇంత దగ్గరదగ్గరగా ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అని అరిచి వెళ్ళిపోయాడు. కాలిన పట్టీలు మార్చి, ప్రతి సెల్లునీ మళ్ళీ కొలిచి, ఆమె మొదటినుంచీ చేసుకొచ్చింది.

బ్యాటరీ కార్టులో బిగించిన రోజు రోవీనా చెరువు చుట్టూ ఒక్కతే తిరిగొచ్చింది. మూలుగు లేదు, కుదుపు లేదు. "శనివారం డెల్లా దగ్గరికెళ్తా" అంది.

"శనివారం క్లబ్బులో అందరికీ చూపిస్తానని మెర్విన్‌కి మాటిచ్చా. వచ్చే వారం చూద్దాంలే."

శనివారం పొద్దున క్లబ్బు షెడ్డు కింద డజను మంది మగాళ్ళు ఎత్తిన సీటు చుట్టూ మూగారు. రోవీనా చీజ్ శాండ్‌విచ్‌ల పళ్ళెం పట్టుకుని తిరుగుతోంది. క్లైడ్ గొంతు ఖంగుమంటోంది. "ఆరు రోజులు కష్టపడి సమానం చేశానయ్యా! ఓపిక కావాలి దీనికి."

"ఎన్ని ఓల్టుల దగ్గర చార్జింగు ఆపావు?" అన్నాడు మెర్విన్.

క్లైడ్ చూపు గాలిలో వెతుక్కుని ఆమె మీద వాలింది. "రో, ఆ కాగితం ఎక్కడ పెట్టావే?"

"కాగితమెందుకు? సెల్లుకి మూడు పాయింట్ ఆరు అయిదు" అంది రోవీనా.

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. క్లైడే ముందు తేరుకుని పెద్దగా నవ్వాడు. "నా పక్కన నిలబడి విని విని వచ్చేసింది! అసలు సంగతి చెప్పనా? ఈవిడ రెంచి అడ్డంపెట్టి గరాజు తగలెయ్యబోయింది. నేను లేకపోతే ఇల్లు బూడిదే."

అందరూ విరగబడి నవ్వారు. "ఏం రోవీనా, అంత పని చేశావా! ఇక మీద నువ్వు శాండ్‌విచ్‌లే చెయ్యి తల్లీ, అవైతే బాగుంటాయి" అన్నాడు మెర్విన్. "మీకూ తలా ఒకటి నేను కట్టిస్తాగా" అంటున్నాడు క్లైడ్ మిగతావాళ్ళతో, ధారాళంగా.

తను చేసిన పనికి పేరు ఆయన తీసుకున్నా ఊరుకునేది. నలభై నాలుగేళ్ళుగా ఊరుకుంటూనే ఉంది. కానీ ఆయన చేసిన తప్పు కూడా తెచ్చి తన మెడకి చుట్టాడే! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఇది కాస్త పట్టుకో" అని పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టింది. రెండు చేతులా పట్టుకున్నాడు. సీటు దించి, ఎక్కి కూర్చుని, తాళం తిప్పింది.

"వచ్చేటప్పుడు ఐస్ టీ కూడా పట్రా!" అని వెనకనించి కేకేశాడు.

వంతెన ఎక్కింది, దిగింది. బండి కిమ్మనలేదు.

నర్సింగ్ హోమ్‌లో యోలాండా అనే నర్సు ఆమె పేరు విని తెల్లబోయింది. "మీరు డెల్లా గారి చెల్లెలా? మీకు ఒంట్లో బాగోలేదని, బండెక్కే స్థితిలో లేరని చెప్పారే మీవారు? మీ ఇంటి నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాం. ఏప్రిల్లో ఆవిడ రోజూ మీ పేరే అడిగేవారు."

"ఇప్పుడు?"

యోలాండా తల దించుకుంది. "మే నెలలో పక్షవాతం ఇంకోసారి వచ్చిందమ్మా. మాట పోయింది."

డెల్లా కిటికీకేసి చూస్తూ ఉంది. రోవీనా చెయ్యి పట్టుకుంటే ఆ వేళ్ళు తిరిగి పట్టుకోలేదు. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేనంత కోపం వచ్చింది. మాట ఉన్నన్నాళ్ళూ తనని పిలిచింది. ఆ పిలుపు ఇంట్లో ఫోనుదాకా వచ్చి, ఆయన దగ్గర ఆగిపోయింది. రోవీనా దువ్వెన తీసి అక్క జుట్టు చిక్కులు విప్పింది. గోళ్ళు తీసింది. కుర్చీ మంచం పక్కకి జరుపుకుంది.

మధ్యాహ్నం ఆమె జేబులో ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చావు? మెర్విన్‌ని బతిమాలుకుని ఇంటికి రావలసొచ్చింది!"

"డెల్లా దగ్గరున్నా."

"అంత దూరమా! చార్జింగు అయిపోయుంటుంది. ఆ వైర్లు నువ్వు సరిగ్గా పెట్టలేదని నాకు ముందే తెలుసు. కదలకు, ట్రక్కు తీసుకుని వస్తున్నా."

అయిదు నెలలుగా దారి తెలియని ట్రక్కు! ఆమె బండి ఆపినప్పుడు చూసింది చార్జింగు మీటరు, ఇంకా డెబ్బై ఒక్క శాతం. అవును, అయిపోయిందంటే సరిపోయేది, ఆయనే వచ్చి, విసుక్కుని, తీసుకెళ్ళేవాడు.

"చార్జింగు బోలెడంత ఉంది క్లైడ్" అంది రోవీనా. "ఇంటికొచ్చి మళ్ళీ ఇక్కడికి రావడానికి సరిపోయేంత ఉంది. నేనే రావడం లేదు."