తలనొప్పి రాని మనిషి

ఆ కుట్టుగదిలో పనిచేసేది నలుగురు. అందులో ముగ్గురికి తలనొప్పి. నాలుగో మనిషికి ఏమీ లేదు, నిక్షేపంలా ఉంది. పెద్దక్కకు అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

పెద్దక్క ఆ గదికి యజమానురాలు. పనివాళ్లకీ, బట్టలిచ్చి వెళ్లేవాళ్లకీ, చివరికి గది అద్దెకిచ్చిన పెద్దమనిషికీ ఆమె పెద్దక్కే. అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది. ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే, ఊపిరి బిగబట్టి నడుం సన్నగా చూపిస్తున్నారేమోనని మాటల్లో పెట్టి, వాళ్లు మరిచిపోయి ఊపిరి వదిలాక రెండోసారి కొలిచేది. అందువల్లే ఆమె కుట్టిన బట్ట ఎవరికీ బిగుతయ్యేది కాదు. కాబట్టి ఆ గుణాన్ని మరీ తీసిపారెయ్యడానికి లేదు. ఈసారి అది కొత్తావిడ మీద పడింది, అంతే.

కొత్తావిడ పనిలో చేరిన వారంలోనే వీధిలో రోడ్డు తవ్వడం మొదలుపెట్టారు. గదిలో చూస్తే ఆస్పత్రివాళ్ల తెల్లకోట్లు గుట్టలు పడి ఉన్నాయి. తెల్లబట్ట మీద ఎర్రదుమ్ము పడితే ఇక అంతే సంగతులు. పెద్దక్క కిటికీలన్నీ మూయించి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కించింది. తవ్వేవాళ్లు ఏ తీగ తెంపారో ఏమో, కరెంటు కూడా చుట్టపుచూపుగా రావడం మొదలైంది. మిషన్లు కాలితో తొక్కేవే కనక వాటికి ఇబ్బంది లేదు. ఇస్త్రీకే చిక్కొచ్చిపడింది. దాంతో అటక మీది బొగ్గుల ఇస్త్రీపెట్టె కిందికి దిగింది. దానికి నిప్పులు అందించడానికి కుంపటీ దిగింది.

కుంపటి విషయంలో పెద్దక్క జాగ్రత్త మనిషే. వరండాలో రాజేసి, పొగంతా పోయి నిప్పులు కణకణలాడేదాకా దాన్ని గడప దాటనిచ్చేది కాదు. పొగ తగిలితే కోట్లు పాడవుతాయి, చెల్లెలికి దగ్గొస్తుంది. పొగ లేకపోతే భయం లేదని ఆమె ధైర్యం.

ఆ చెల్లెలంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు ఆరో నెల. ఇంతకు ముందొకసారి కడుపు నిలవలేదు. అందుకని ఈసారి పెద్దక్క ఆమెను మిషను తొక్కనివ్వకుండా, గదిలోకెల్లా వెచ్చగా ఉండే మూల చూసి, కుంపటి పక్కన, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టింది. చేతికి హెమ్మింగ్ పని ఇచ్చింది. ఇస్త్రీ పని గుండీల పిన్ని చూసుకునేది. ఆ పెద్దావిడ కుట్టిన గుండీ ఊడిందంటే చొక్కా చిరిగినట్టే, అందుకే ఆ పేరు.

కొత్తావిడకు మాత్రం గుమ్మం పక్క చోటు. కొత్తగా ఎవరొచ్చినా అక్కడే కూర్చోవాలి, అది ఆ గది పద్ధతి. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి, దుమ్ము, వచ్చేపోయేవాళ్ల కాళ్లు. పిన్నితో సహా అందరూ ఒకప్పుడు ఆ శిక్ష అనుభవించే లోపలికి చేరారు.

ముందు పిన్నికి కణతలు లాగడం మొదలైంది. ఆ తర్వాత చెల్లెలికి, ఆనక పెద్దక్కకు. మధ్యాహ్నం దాటేసరికి తల మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కుతున్నట్టుండేది. కొత్తావిడ వరండాలో స్టవ్వు వెలిగించి టీ పెట్టేది. అందరూ మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. తాగి లేచేసరికి సగం నొప్పి దిగేది.

"ఆవిడ చేతిలో ఏదో మహత్తుంది తల్లీ" అంది పిన్ని ఒకరోజు.

"అదే కదా నా అనుమానం!" అంది పెద్దక్క గొంతు తగ్గించి. "నాలుగు గుటకలకే తలనొప్పి దిగే టీ ఎక్కడైనా చూశావా పిన్నీ? ఏదో కలుపుతోంది. ముందు మనకి అలవాటు చేస్తుంది. తర్వాత ఆవిడ ఎలా ఆడిస్తే అలా ఆడాలి."

"మనల్ని ఆడించి ఏం చేసుకుంటుందే?"

"గది రాయించుకుంటుంది."

"అద్దెగదినా?"

అద్దెగదైనంత మాత్రాన పెద్దక్క అనుమానం తగ్గుతుందా? మర్నాటి నుంచి ఇంట్లోనే టీ కాచి ఫ్లాస్కులో తెచ్చింది. మెట్ల మీదికి వెళ్తే కొత్తావిడ టీ వద్దనలేరు కనక, ముగ్గురూ గదిలోనే తలుపు దగ్గరగా వేసుకుని తాగసాగారు. బయట కొత్తావిడ ఒక్కతే కూర్చుని తాగి, గ్లాసు కడుక్కుని తన చోటికి వచ్చేది.

దాంతో తలనొప్పులు రెండింతలయ్యాయి.

"చూశావా పిన్నీ, మానేసేసరికి తలలు ఎలా పగిలిపోతున్నాయో! నేను చెప్పలా, అలవాటు చేసేసిందని?" అంది పెద్దక్క.

"అక్కా, నాకు ఇంటికెళ్తే బాగానే ఉంటోందే. ఇక్కడికొచ్చి కూర్చుంటేనే కళ్లు తిరుగుతున్నాయి" అంది చెల్లెలు నీరసంగా.

"కడుపుతో ఉన్నవాళ్లకి అది మామూలేలే" అని పిన్ని తేల్చేసింది.

"మామూలు కాదు. ఇంట్లో ఆవిడ ఉండదు, ఇక్కడ ఉంది. అదీ సంగతి" అంది పెద్దక్క.

గుమ్మం పక్కన కొత్తావిడ తలెత్తి చూసింది. ఈ ముగ్గురిలో ఎవరు నుదురు పట్టుకున్నా ఆమె అలాగే మూతి బిగించి చూసేది. ఆ చూపు పెద్దక్కకు ఒంటికి కారం రాసినట్టుండేది. తప్పు చేసినవాళ్లే అలా చూస్తారని నమ్మింది. సాయంత్రానికి ఆవిణ్ణి పంపించెయ్యాలని గట్టిగా అనుకుంది. అయితే రుజువు లేకుండా పంపితే లోకం తననే అంటుంది. అందుకని ఆ మధ్యాహ్నం ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని వరండాలోకి వెళ్లి, నోట్లో బెల్లం పెట్టుకున్నంత తియ్యగా అడిగింది. "ఏమ్మా, ఇవాళ నీ టీ ఇందులో కాస్త పొయ్యి."

కొత్తావిడ ముఖం వెలిగిపోయింది. ఫ్లాస్కు నిండా పోసింది. పెద్దక్క దాన్ని ఒక్క చుక్క కూడా తాగకుండా మూత బిగించి సంచిలో దాచింది. ఎవరికి చూపించాలో, ఎవరు పరీక్ష చేస్తారో ఇంకా ఆలోచించలేదు.

ఆలోచించే వ్యవధి కూడా దొరకలేదు. చెల్లెలు చేతిలోని సూది వదిలేసింది. ఒళ్లో ఉన్న తెల్లకోటు మీదే భళ్లున వాంతి చేసుకుని, గోడ వెంట పక్కకు జారిపోయింది. పెద్దక్క లేవబోయింది. మోకాళ్లు సహకరించలేదు. గదంతా తిరిగింది. ఈలోపు కొత్తావిడ మిషను మీంచి దూకినంత పనిచేసి, చెల్లెలి చంకల కింద చేతులు వేసి పైకెత్తింది.

"ముట్టుకోకు! దాన్ని ముట్టుకుంటే ఊరుకోను!" అని అరిచింది పెద్దక్క. అరుపు కూడా సరిగ్గా రాలేదు.

కొత్తావిడ వినిపించుకోలేదు. ఆమెను వరండాలోకి లాక్కెళ్లి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, రోడ్డు మీద పోయే ఆటో ఆపింది. గాలి తగిలాక చెల్లెలు కళ్లు తెరిచింది కానీ మాట ముద్దగా ఉంది. ఆటోలో కొత్తావిడ ఒడిలో చెల్లెలి తల. పెద్దక్క ఒడిలో ఫ్లాస్కు.

ఆస్పత్రిలో చెల్లెలికి ఆక్సిజన్ పెట్టి, రక్తం తీసుకెళ్లారు. పెద్దక్క డాక్టరమ్మ కొంగు పట్టుకున్నంత పనిచేసింది. "ముందు దీన్ని పరీక్ష చేయించండమ్మా. ఇందులోనే ఉంది విషం" అని ఫ్లాస్కు చేతికిచ్చింది.

డాక్టరమ్మ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది. "ఇది మీ చెల్లెలు ఎప్పుడు తాగింది?"

"ఇవాళ తాగలేదు. తాగడం మానేసి నాలుగైదు రోజులైంది."

"మానేశాక తగ్గిందా?"

"లేదు, ఎక్కువైంది. తాగినప్పుడే తగ్గేది. అందుకే కదా అనుమానం!"

"తాగినప్పుడు ఎక్కడ కూర్చునేవాళ్లు?"

"బయట, మెట్ల మీద."

"మానేశాక?"

"లోపలే."

"ఆ గదిలో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా?"

"నాకుంది, మా పిన్నికుంది. టీ పెట్టిన ఆవిడకే లేదు."

"ఆవిడెక్కడ కూర్చుంటారు?"

"గుమ్మం పక్కన."

"గదిలో బొగ్గులు, కుంపటి లాంటివి ఏమైనా..."

"ఉంది కానీ పొగ ఉండదమ్మా! పొగంతా పోయాకే లోపల పెడతాం."

డాక్టరమ్మ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "పొగ పోయినంత మాత్రాన గాలి మంచిదైపోదు. మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఎర్రటి నిప్పుల్లోంచీ వస్తుంది. కిటికీలు మూసిన గదిలో అది మనుషులకి తెలియకుండానే ఒంట్లోకి వెళ్తుంది. తలనొప్పి, వాంతి, మత్తు. బయటికెళ్తే తగ్గుతుంది, లోపలికొస్తే మొదలు. కడుపులో బిడ్డకి తల్లికంటే ఎక్కువ ప్రమాదం." చటుక్కున ఆగి అడిగింది. "ఇప్పుడు ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?"

పిన్ని! గదికి కాపలా ఉండమని, దుమ్ము రాకుండా తలుపేసుకోమని పెద్దక్కే చెప్పి వచ్చింది. వెంటనే ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. దేవుణ్ణి పెద్దక్క ఎన్నడూ అంతగా తలుచుకోలేదు. చివరికి అవతల నీళ్ల చప్పుడుతో పాటు విసుగు వినిపించింది.

"ఏమిటే నీ గోల? పెరట్లో కుళాయి దగ్గరున్నా, చేతులనిండా సబ్బు. ఆ పిల్ల వాంతి చేసుకున్న కోటు ఉతక్కపోతే మరక పట్టెయ్యదూ? చిన్నదానికెలా ఉంది?"

"పిన్నీ, లోపలికెళ్లకు! ఎవరినైనా కేకేసి తలుపులు బార్లా తీయించు. నువ్వు మాత్రం బయటే ఉండు. నీ కాళ్లు పట్టుకుంటా, లోపలికెళ్లకు!"

పిన్నినీ ఆస్పత్రికి రప్పించారు. పెద్దక్కకూ రక్తం తీశారు. చీకటి పడే వేళకు చెల్లెలి పొట్ట మీద ఏదో పెట్టి, బిడ్డ గుండె వినిపించారు. హడావుడిగా మిషను తొక్కుతున్నట్టుంది ఆ చప్పుడు. పెద్దక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇప్పటికి బాగానే ఉందని, కొన్నాళ్లు జాగ్రత్తగా చూస్తూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంత ప్రేమగా, దిండు కూడా పెట్టి, ఆ మూలలో కూర్చోబెట్టింది తనే కదా అని పెద్దక్క నెత్తి కొట్టుకుంది.

బయట బెంచీ మీద కొత్తావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంచిలోంచి ఆమె కత్తెర పిడి కనబడుతోంది. పనిచోట కత్తెర వదిలి వెళ్లేవాళ్లు మర్నాడొస్తారు. వెంట తీసుకెళ్లేవాళ్లు రారు. అది చూసి పెద్దక్కకు ఏదో తట్టింది.

"ఇవాళ మానేసి వెళ్లిపోదామనుకున్నావా?"

"అవును పెద్దక్కా" అంది కొత్తావిడ. "నన్ను పంపించెయ్యలేక మీ ముగ్గురూ కలిసి తలనొప్పి నాటకం ఆడుతున్నారనుకున్నా. రోజూ మిమ్మల్ని గమనించేదాన్ని. ఎవరికీ రాని జబ్బు మీ ముగ్గురికే ఒకేసారి ఎలా వస్తుందని. మధ్యాహ్నం మీరు టీ అడిగితే, పోన్లే, మనసు మారిందేమో అని సంతోషించా. తీరా చూస్తే మీరు దాన్ని సంచిలో దాచారు."

"చూశావా?"

"చూశా. అప్పుడే కత్తెర సర్దుకున్నా."

"మరి చిన్నది పడిపోతే అదీ నాటకమనుకోలేదా?"

"కుట్టేపని చేసే మనిషి నాటకానికి తెల్లబట్ట మీద వాంతి చేసుకోదు, పెద్దక్కా."

పెద్దక్క లోపలికి వెళ్లి బల్ల మీది ఫ్లాస్కు తెచ్చుకుని, బెంచీ మీద ఆమె పక్కనే కూర్చుంది. మూతలోకి టీ వంచుకుంది. ఒకే గుక్కలో తాగేసింది. మళ్లీ వంచుకుని, మళ్లీ తాగింది.

"చల్లారిపోయుంటుంది" అంది కొత్తావిడ.

"చల్లారింది. చక్కెర కూడా ఎక్కువైంది" అంది పెద్దక్క, కళ్లు తుడుచుకుంటూ.

కొత్తావిడ కత్తెరను సంచి అడుక్కి తోసి, మూత కోసం చెయ్యి చాపింది. "రేపు తగ్గిస్తాలెండి."