రెండు వైపులా ఎత్తే

టైలరు రోజూ పొద్దున్నే సైకిలు మీద కొట్టుకు వెళ్ళేవాడు. ఇంటి నుంచి కొట్టుకు దారంతా ఎత్తు. సాయంత్రం అదే దారిన ఇంటికి తిరిగొస్తే, అప్పుడూ ఎత్తే. పుట్టినప్పటి నుంచీ అతనికంతే. ఎటు కదిలినా దారి ముందుకు లేస్తుంది. జేబులోంచి దారపు రీలు జారితే వెనక్కి దొర్లుకుంటూ పోయేది, వీధిలో ఎవరో ఒకరు ఏరి తెచ్చి ఇచ్చేవాళ్ళు. డాక్టరు కూడా పిక్కలకు నూనె రాసుకోమన్నాడు, అంతే. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది, ఇతనికి ఎత్తు చక్రాల కింద ఉంది. దానికి ఆశ్చర్యపోతూ కూర్చుంటే ఎవరి పనులు సాగుతాయి?

అతని చెల్లెలికి మూత్రపిండాలు చెడిపోయాయి. రక్తం శుద్ధి చేసే మిషను ఊళ్ళో లేదు. వారానికి రెండుసార్లు నగరానికి బస్సులో పోయి, వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చేది. ఇలా ఉండగా ఒక మందుల కంపెనీ మాట ఇచ్చింది. ఊరివాళ్ళు సైకిళ్ళు తొక్కుకుంటూ, మూడో రోజు పొద్దు గుంకేలోగా సముద్రం ఒడ్డున ఉన్న దీపస్తంభం దగ్గరికి తమ జెండా చేరిస్తే, ఊరి ఆసుపత్రికి మిషను ఇస్తారట. చేరకపోతే వచ్చే ఏడు చూద్దామన్నారు. చెల్లెలి ఇంట్లో 'వచ్చే ఏడు' అన్న మాట ఎవరూ అనేవారు కాదు.

చెల్లెలి మొగుడే జట్టుకు పెద్ద, బళ్ళో డ్రిల్లు మాస్టారు. అందరినీ తెల్లవారకుండానే లేపి తొక్కించేవాడు. వాళ్ళంతా చెరుకు మిల్లు దాకా వెళ్ళి, టీ తాగి, గ్లాసులు కూడా తిరిగిచ్చేశాక టైలరు చొక్కా పిండుకుంటూ వచ్చేవాడు.

"బావా, నువ్వు రావద్దు," అన్నాడు మాస్టారు ఒకరోజు. "నీ కోసం ఆగితే మేమూ మునుగుతాం."

"ఆగమన్నదెవరు?"

"ఆగకపోతే మీ చెల్లెలు నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"అది నా చెల్లెలు, బావా. మిషను మీద కాళ్ళాడించేవాణ్ణి, ఆ మాత్రం తొక్కలేనా?"

"కుట్టుమిషను ఎత్తెక్కుతుందా?"

టైలరు మాత్రం ప్రయాణానికే సిద్ధమయ్యాడు. మర్నాడు సైకిలు షాపుకు పోతే అక్కడా అక్షింతలే. బ్రేకు రబ్బర్లు ఎండి బీటలిచ్చాయి.

"ఎప్పుడూ వాడలేదయ్యా," అన్నాడు టైలరు. "వాడకపోయినా పాడవుతాయా?"

"మనుషుల్లాగే," అన్నాడు షాపువాడు కొత్తవి బిగిస్తూ.

ప్రయాణం మొదలైంది. మొదటి రోజు గాలి ఎదురు, రెండో రోజు ఎండ. టైలరు చెయిను రెండుసార్లు తెగింది. రాత్రి మకాముకు అందరూ నిద్రపోయాక చేరేవాడు, వాళ్ళు లేచేసరికి మళ్ళీ బయలుదేరేవాడు. గంటలో అతన్ని దాటిపోతూ, "ఏం టైలరూ, కొలతలు తీసుకుంటున్నావా రోడ్డుకి?" అనేవాళ్ళు. అతను పళ్ళు నూరేవాడు. ఊళ్ళో ఉండి పదిమందికి రవికెలు కుట్టుకున్నా బాగుండేదనిపించేది.

మూడో రోజు మధ్యాహ్నం కొండ కొసకు చేరాడు. అక్కడ టీ కొట్టు చూరు కింద జట్టంతా వానలో ముడుచుకుని ఉంది. ఎదురుగా సముద్రం దాకా దిగే ఘాట్ రోడ్డు.

"అందరూ అలిగిన పెళ్ళివారిలా కూర్చున్నారేం?"

"దిగలేం బావా," అన్నాడు మాస్టారు. "రోడ్డంతా బురద. ముందు వెళ్ళిన కాంపౌండరు కాలు విరిగింది, జీపులో తీసుకుపోయారు. బ్రేకు వేస్తే జారుతోంది, వెయ్యకపోతే లోయ. జీపులో వెళ్ళినా, నడిచి వెళ్ళినా జెండా చెల్లదు. అయిపోయింది."

టైలరు రోడ్డు వంక చూశాడు. అది మబ్బుల్లోకి నిటారుగా లేచి ఉంది.

"ఇంకా ఇంత ఉందా!" అని సైకిలు పడేసి, బురదలోనే చతికిలబడ్డాడు. "నా వల్ల కాదు. చచ్చినా కాదు."

మాస్టారు లేచి వచ్చి జెండా అతని వీపుకు కట్టాడు. ముడి రెండుసార్లు ఊడింది.

"రావద్దన్నదీ నేనే, ఇప్పుడు వెళ్ళమంటున్నదీ నేనే. ఎంతైనా తిట్టుకో బావా. తొక్కు."

"తిట్టడానికి ఊపిరుండొద్దూ," అంటూ టైలరు సైకిలెక్కాడు.

కొండ మీదివాళ్ళు చూస్తూ నిలబడ్డారు. జర్రున జారిపోయే ఆ పల్లంలో ఒక మనిషి పెడళ్ళ మీద నిలబడి, హాండిల్ మీదికి వంగి, ఆయాసపడుతూ, అంగుళం అంగుళం తొక్కుకుంటూ పోతున్నాడు. చక్రం ఒక్కసారీ జారలేదు. నత్త గోడెక్కినట్టు మలుపు తర్వాత మలుపు.

దీపస్తంభం దగ్గర కంపెనీ ఆఫీసరు కుర్చీలు మడత పెట్టిస్తున్నాడు. వాన వెలిసింది, పొద్దు సగం కొండ వెనక్కి దిగింది.

"ఇంత నెమ్మదిగానా?" అన్నాడు వాచీ చూసుకుంటూ.

టైలరు జెండా విప్పి ఆయన చేతికిచ్చి, ఇసుకలో వెల్లకిలా పడ్డాడు.

మిషను వచ్చింది. మొదటి రోజు చెల్లెలు మంచం మీద పడుకుని ఉంటే, గొట్టంలో రక్తం ఎర్రగా వెళ్ళి ఎర్రగా వస్తోంది. మాస్టారు పక్కన నిలబడి నర్సుకు ఆ ఘాట్ రోడ్డు సంగతి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. లోయలు, మలుపులు, బురద.

"అన్నయ్యా," అంది చెల్లెలు, "అంత దిగుడులో నీకు భయం వెయ్యలేదా?"

పిక్కలు పిసుక్కుంటున్న టైలరు చిరాగ్గా తలెత్తాడు.

"ఏ దిగుడమ్మా?" అన్నాడు.