ఏసమ్మ ఉన్న అధ్యాయం

చంద్రయ్య సారు పోయి ఏడాది కావస్తోంది. మిర్యాలగూడలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఆ రోజే ఆయన జీవిత చరిత్ర విడుదల చేయాలని పాత విద్యార్థులు పట్టుబట్టారు. రాసే పని కోదాడ సంతోషి నెత్తిన పడింది. ఆమె కూడా సారు దగ్గర చదివిందే.

"పుట్టుక, చదువు, ఉద్యోగం, సన్మానాలు అని వరసగా రాస్తే ఇప్పుడెవరూ చదవట్లేదమ్మా. ఇంట్లో మనిషి కనపడాలి. కళ్లతో చూసినట్టు కథలాగా రాయాలి," అంటూ ఒక అధ్యాయం తెచ్చి సారు భార్య ఏసమ్మ చేతిలో పెట్టింది.

ఆయన పోయినప్పటి నుంచి ఏసమ్మకు ఏదీ పట్టడం లేదు. తింటోంది, చర్చికి వెళ్తోంది, పలకరిస్తే తలాడిస్తోంది, అంతే. మొగుడు పోతే బండరాయిలా కూచుందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్లకేం, రెండు రోజులు ఏడ్చి, భోజనాలు చేసి పోయారు.

కళ్లజోడు పెట్టుకుని చదివింది. సూర్యాపేట దవాఖానలో కూతురు కరుణ కన్నుమూసిన పూట, సారు భార్య చెయ్యి పట్టుకుని మంచం పక్కనే కూచున్నాడట.

"గా దినం ఈయన రాలే బిడ్డా. పదో తరగతి పరీక్షలని పిల్లలతోటి హాలియా బడిలనే ఉండిండు. మట్టి చేసే యాళ్లకు వచ్చిండు."

సంతోషి ముఖం పాలిపోయింది. "నేను కల్పించలేదమ్మా. సారే చెప్పారు. ఎవరింట్లో చావు జరిగినా, వెళ్లి పక్కన కూచోండని మమ్మల్ని పంపేవారు. అప్పుడల్లా ఇదే చెప్పి కళ్లు తుడుచుకునేవారు."

ఏసమ్మ కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన ఆ దినం ఊసెత్తలేదు. ఆమె కూడా అడగలేదు. మరిచిపోయాడనే అనుకుంది. ఇప్పుడు కోపమో దుఃఖమో ఏదో ఒకటి రావాలి కదా, ఏదీ రాలేదు.

"తీసేయమంటారా? ఇట్లాగే ఉంచినా ఎవరికీ తెలియదు," సంతోషి నసిగింది. "ఈ మధ్య జీవిత చరిత్రల్లో లోపాలు కూడా రాస్తున్నారు గానీ, ఆ రోజు స్టేజీ మీద మీరే కూచోవాలి గదమ్మా."

"తియ్యకు. రాలేదని రాయి. పక్కనే ఉన్ననని మీకు సెప్పుకుంట ఏడ్చిండు, గది రాయి."

సంతోషి తలవంచుకుని రాసుకుంది.

"నాకు మాత్రం ఒక్కపారి గూడ సెప్పలే," అంది ఏసమ్మ. "గదీ రాయి."